జెనెటిక్ కౌన్సెలర్ కావాలంటే ఎలా చదవాలి?

మేనమామకో, మేనత్త కొడుక్కో పిల్లనిచ్చే అలవాటు తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ఇంకా ఉంది. అలాంటి ఇంట్లో బిడ్డకు పుట్టుకతో జబ్బుంటే "మళ్లీ కాన్పుకూ ఇంతేనా?" అని అడుగుతారు. నింపాదిగా కూర్చుని దానికి జవాబు చెప్పడమే జెనెటిక్ కౌన్సెలర్ పని.

1. డిగ్రీ: జువాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, నర్సింగ్, ఎంబీబీఎస్, ఏదైనా పనికొస్తుంది. పక్కన సైకాలజీ కొంత చదువుకోండి.

2. పీజీ ఎంపిక: ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఎమ్మెస్సీ హ్యూమన్ జెనెటిక్స్ చాలావరకు ల్యాబ్ చదువు. మీకు కావాల్సింది ఎమ్మెస్సీ జెనెటిక్ కౌన్సెలింగ్, రెండేళ్లు. మణిపాల్‌లో ఉంది. ఎక్కడ చేరినా ముందే రెండు ప్రశ్నలు అడగండి: గర్భిణుల, పిల్లల, క్యాన్సర్ క్లినిక్‌లు మూడింటిలోనూ కూర్చోబెడతారా? లాగ్‌బుక్‌లో ఎన్ని కేసులు ఉండాలి? అమెరికా కోర్సుల్లో విద్యార్థి స్వయంగా పాలుపంచుకున్న కేసులు కనీసం 50 కావాలి. దాన్నే కొలతగా పెట్టుకోండి.

3. వంశవృక్షం గీయడం: మొదటి రోజు నుంచే సాధన చేయండి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బున్నవారికి నింపిన గుర్తు, చనిపోయినవారి గుర్తు మీద ఏటవాలు గీత, మేనరికానికి జంటగీత. కనీసం మూడు తరాలు రావాలి.

గుర్తులు వారంలో వచ్చేస్తాయి. కష్టం వరసల దగ్గర. మన దగ్గర చిన్నాయన కొడుకునూ "అన్న" అనే అంటారు. అందుకే "ఒకే తల్లి కడుపున పుట్టినోళ్లా?" అని ప్రతిసారీ అడగాలి. మేనమామను చేసుకున్నామెకు అత్త, అమ్మమ్మ ఒకే మనిషి. ఆమెను రెండుచోట్ల గీస్తే లెక్కంతా తప్పుతుంది. మేనమామ పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియంట్ (ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశం) 1/8, మేనత్త-మేనమామ పిల్లల పెళ్లిలో 1/16. పోయిన బిడ్డల గురించి, నిలవని కాన్పుల గురించి విడిగా, మెల్లగా అడగండి. అడగకపోతే చెప్పరు.

4. రిస్కు చెప్పడం: తల్లిదండ్రులిద్దరూ ఒకే రిసెసివ్ జబ్బుకు (జన్యువు రెండు ప్రతుల్లోనూ మార్పుంటేనే వచ్చేది) క్యారియర్లైతే, అంటే జబ్బు లేకుండా ఒక ప్రతిలో మార్పును మోసేవారైతే, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ప్రతి కాన్పుకూ 25 శాతం. "నలుగురిలో ఒకరికి" అంటే, ఒకరికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ భయంలేదనుకుంటారు. "ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికొస్తుంది" అని చెప్పి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించండి. ఇలాంటి జబ్బుల్లో తప్పు కోడలి మీద వేయడం చాలా ఇళ్లలో ఉంది. మార్పు ఇద్దరి వైపు నుంచీ వచ్చిందని భర్త, అత్తగారు వినేలా చెప్పడం మీ బాధ్యత. బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం వాళ్లదే.

5. చట్టం, వారాలు: కడుపులో బిడ్డకు జబ్బుందో లేదో చూసేందుకు మాయ నుంచి చిన్న ముక్క తీసే కోరియానిక్ విల్లస్ పరీక్ష 11 నుంచి 14 వారాల మధ్య, ఉమ్మనీరు తీసి చూసే ఆమ్నియోసెంటెసిస్ 15 వారాల తర్వాత. ఇంట్లో ఇదివరకే జబ్బుతో పుట్టిన బిడ్డలో జన్యుమార్పు ఏదో అంతకుముందే తేలి ఉండాలి. గర్భం వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం (పీసీపీఎన్‌డీటీ) ప్రకారం కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం నేరం, సైగ చేసినా సరే.

6. సర్టిఫికేషన్: మన దేశంలో బోర్డ్ ఆఫ్ జెనెటిక్ కౌన్సెలింగ్, ఇండియా ఉంది. అమెరికాలో పని చేయాలనుకుంటే అక్కడి ఏసీజీసీ (కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సు చదివితేనే ఏబీజీసీ (కౌన్సెలర్లకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు) పరీక్షకు అర్హత. అది చేరకముందే తేల్చుకోండి.