తిరుపతి శబ్దాలతో డార్క్ యాంబియంట్ ట్రాక్ చేయడం ఎలా?

డార్క్ యాంబియంట్, అంటే తాళం లేకుండా నెమ్మదిగా సాగే చీకటి వాతావరణపు సంగీతం, అనగానే చాలామంది కిర్రుమనే తలుపులు, కేకలు, గుండె చప్పుడు తెచ్చి కలిపేస్తారు. రెండోసారి వింటే వాటిలో భయం మిగలదు. ఈ సంగీతంలో చీకటి దూరం వల్ల, నెమ్మదితనం వల్ల వస్తుంది. అందుకే దగ్గరగా, స్పష్టంగా ఉన్న శబ్దాన్ని తీసుకుని దూరంగా జరపడమే ఇక్కడ అసలు పని. తిరుపతిలో ఉన్నవాళ్లకు మూడు శబ్దాలు చాలు: ఇంట్లోని పూజగంట, వానాకాలంలో కపిలతీర్థం జలపాతం హోరు, రాత్రిపూట గూడ్సు బండి.

రికార్డింగ్

ఫోన్ సరిపోతుంది. కానీ మామూలు వాయిస్ రికార్డర్ మాటల కోసం చేసినది. శబ్దం తగ్గగానే గెయిన్ (శబ్దాన్ని పెద్దది చేసే మోతాదు) తనంతట తాను పెంచుతుంది, సన్నని ధ్వనిని నాయిస్ అనుకుని తుడిచేస్తుంది. మనకు కావలసింది గంట ఆరిపోయేటప్పటి తోక. అది సరిగ్గా దాన్నే పాడుచేస్తుంది. ఆటో గెయిన్, నాయిస్ తగ్గింపు రెండూ ఆపే వీలున్న యాప్ వాడండి. వేవ్ (WAV) ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు పెట్టి, పీక్ (శబ్దం అత్యధికంగా చేరే స్థాయి) మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

ఫ్యాన్, ఫ్రిజ్ ఆపి, అడుగు దూరంలో ఫోన్ ఉంచి, గంటను చెక్క గరిటెతో మెల్లగా కొట్టండి. గట్టిగా కొడితే కీచుదనమే ఎక్కువ వస్తుంది. ఐదారుసార్లు చేసి, ప్రతిసారీ ధ్వని పూర్తిగా ఆరేదాకా కదలకండి. జలపాతం హోరుకు తెల్లవారుజాము మంచిది, హారన్లు తక్కువ. గాలి తగలకుండా మైకు రంధ్రం మీద స్పాంజి ముక్క చుట్టాలి. గుడి ఆవరణలోనైతే ముందు అడగండి. తిరుమల ఆలయంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, ఆ ఆలోచనే వద్దు. శేషాచలం అడవిలోకి రాత్రిపూట అనుమతి లేకుండా వెళ్లకండి.

గంటను నెమ్మది చేయడం

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో గంట ఫైలు వేగాన్ని, శ్రుతి కూడా కలిసి దిగేలా, ఎనిమిదో వంతుకు తగ్గించండి. ధ్వని మూడు స్థాయిలు (ఆక్టేవ్‌లు) కిందికి దిగుతుంది. చిన్న పూజగంట పెద్ద కోవెల గంటలా మారుతుంది. 48 కిలోహెర్ట్జ్ ఫైలులో అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ దాకా ధ్వని ఉంటుంది. ఎనిమిదో వంతు వేగంలో అది 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. పైన ఏమీ లేకపోవడమే మనకు కావలసిన మసక. అయితే గరిటె దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది కాబట్టి మొదట్లో మూడు సెకన్ల ఫేడ్ ఇన్ ఇవ్వండి.

హోరును సగం వేగానికి తెచ్చి, 800 హెర్ట్జ్ పైన ఉన్నదంతా లో-పాస్ ఫిల్టర్‌తో కోసేయండి. దూరం పెరిగేకొద్దీ గాలి పై స్వరాలనే ఎక్కువగా మింగుతుంది. అందుకే వాటిని తీసేస్తే చెవి ‘ఇది చాలా దూరం’ అనుకుంటుంది. రైలు శబ్దానికి ఆడాసిటీలోనే ఉన్న, శబ్దాన్ని సాగదీసే పాల్‌స్ట్రెచ్ ఎఫెక్ట్ వాడి పది రెట్లు సాగదీయండి. టైమ్ రిజల్యూషన్ ఒక సెకను పెడితే నునుపుగా వస్తుంది.

శ్రుతి

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. శ్రుతిని, అంటే అడుగున తంబురాలా ఆగకుండా సాగే స్వరాన్ని, గంటకు కలపాలి, గంటను శ్రుతికి కాదు. వేగం అలాగే ఉంచి గంట పిచ్ ఒక్కటే మార్చితే దాని తోక గరగరలాడుతుంది. స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్) ఆప్షన్‌లో, నెమ్మది చేసిన గంట ఫైలులోని ఎత్తైన శిఖరం చూడండి. ఉదాహరణకు అది 232 హెర్ట్జ్ అయితే, రెండు స్థాయిలు కింద 58. అందుకని 58, 58.2 హెర్ట్జ్ సైన్ టోన్లు (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న శుద్ధ స్వరాలు) రెండు వేయండి. తేడా 0.2 కాబట్టి ఐదు సెకన్లకోసారి శబ్దం ఊపిరిలా ఉబ్బి తగ్గుతుంది. ఫోన్ స్పీకర్లలో 58 దాదాపు వినిపించదు, అందుకని సన్నగా 116 కూడా కలపండి. రికార్డింగ్‌లో 50 హెర్ట్జ్ కరెంటు హమ్ ఉంటే 58తో రాసుకుని గుర్రుమంటుంది. ముందే, ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసే నాచ్ ఫిల్టర్‌తో 50, 100, 150 తీసేయండి.

పేర్చడం

మూడు శబ్దాలనూ 37, 53, 71 సెకన్ల లూపులుగా కోయండి. మూడూ మళ్లీ ఒకేసారి మొదలవడానికి 38 గంటలకు పైగా పడుతుంది కాబట్టి వినేవాళ్లకు తిరగడం తెలియదు. అతుకుల దగ్గర నాలుగు సెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి పెరగడం) తప్పనిసరి. లేకపోతే ప్రతిసారీ టిక్కుమంటుంది.

రివర్బ్ (పెద్ద స్థలంలోని ప్రతిధ్వనిని ఇచ్చే ఎఫెక్ట్) ఒక్కటే చాలు, గంటకూ రైలుకూ కలిపి. డికే (ప్రతిధ్వని ఆరడానికి పట్టే సమయం) పది సెకన్లు, ప్రీ-డిలే (అది మొదలయ్యే ముందు ఖాళీ) 200 మిల్లీసెకన్లు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. చంద్రగిరి కోట కొండ లాంటి రాతిగోడ 34 మీటర్ల దూరంలో ఉంటే ప్రతిధ్వని అంతసేపటికి తిరిగొస్తుంది. ఆ ఖాళీ సమయమే స్థలం ఎంత పెద్దదో చెబుతుంది. శ్రుతికి మాత్రం రివర్బ్ ఇవ్వకండి. రివర్బ్‌లోనూ 150 హెర్ట్జ్ కింద కోసేయాలి, లేదంటే అంతా బురదగా ముద్దవుతుంది.

లౌడ్‌నెస్ మైనస్ 20 ఎల్‌యుఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఆపండి. శిఖరాలను అణిచే లిమిటర్‌తో బలవంతంగా పెంచితే సన్నని తోకలు పైకి లేచి, కష్టపడి తెచ్చిన దూరం పోతుంది. ఎనిమిది నిమిషాల ట్రాక్‌లో చివరి నిమిషం మొదలయ్యే చోట శ్రుతిని ముందు ఆపండి. తర్వాత రైలు, గంట పోవాలి. ఆఖరున నీటి హోరు ఒక్కటే 40 సెకన్ల ఫేడ్‌లో ఆరిపోవాలి.