మడి నాచు పాఠాలు – 5: గోడ కట్టే జన్యువులు

పోయిన పాఠంలో ఊడ్చిన మడిలో తేలే నాచుని సూదితో విడదీసి, స్లైడు మీద హెటిరోసిస్టుల్ని, అంటే గాలిలోని నత్రజనిని పట్టే ప్రత్యేక కణాల్ని, పట్టుకోవడం నేర్చుకున్నాం. పాలిపోయిన రంగు, మందమైన అంచు, పక్క కణానికి అతుక్కునే చోట మెరిసే చుక్క: ఇవే గుర్తులు. పోగంతా వెతికినా కనబడకపోతే కంగారు పడకండి. ఆ చేలో ఈమధ్యే యూరియా చల్లి ఉంటారు. నత్రజని తేరగా దొరుకుతుంటే నాచు ఈ కణాల్ని తయారు చెయ్యదు. సార్వా యూరియా ఇంకా పడని చేను చూసుకుని మళ్ళీ తెచ్చుకోండి.

వరి మడిలో నత్రజనిని పట్టేది ఈ నీలి ఆకుపచ్చ నాచేనని 1939లోనే పి.కె. డే చూపించారు. ఈ రోజు పాఠం హెటిరోసిస్టు చుట్టూ గోడలా ఉండే ఆ మందమైన అంచు గురించి. ఒక జన్యువు చెడిపోయిన మ్యూటెంట్‌ని చూసి, ఆ జన్యువు పనేమిటో తేల్చడం మనం నేర్చుకోవాలి. దీనికి మన కోనసీమ నాచు చాలదు, దాని జన్యువుల పట్టిక మన దగ్గర లేదు కదా. అందుకని ల్యాబుల్లో పెంచే అనబీనా 7120 అనే నీలి ఆకుపచ్చ నాచుని తీసుకుందాం. దాని జీనోమ్ మొత్తాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2001లో ప్రకటించారు.

నత్రజనిని పట్టే ఎంజైము నైట్రోజినేజ్, ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. పక్క కణాలేమో ఎండలో ఆక్సిజన్ వదులుతూనే ఉంటాయి. అందుకే గోడ. కొబ్బరికాయకి పీచూ చిప్పా ఉన్నట్టు దీనికీ రెండు పొరలు. బయటిది పాలీశాకరైడ్ (చక్కెరల గొలుసు), లోపలిది గ్లైకోలిపిడ్ (చక్కెర అతికిన కొవ్వు). గాలిని అడ్డుకునేది లోపలిది, దాన్ని చెదరకుండా కాచేది బయటిది. కట్టడంలో మాత్రం బయటి పొరే ముందు.

మ్యూటెంట్ చేతికొస్తే వరసగా అడగాల్సినవి ఇవి. నత్రజని ఎరువు లేని నీటిలో, మామూలు గాలిలో పెరుగుతోందా? పెరగకపోతే, ఆక్సిజన్ తీసేసి ఎసిటిలీన్ ఇచ్చి చూడండి, నైట్రోజినేజ్ దాన్ని ఎథిలీన్‌గా మారుస్తుంది. ఎథిలీన్ వస్తే నైట్రోజినేజ్ బాగానే ఉంది, అనుమానం గోడ మీదికి మళ్ళుతుంది. రాకపోతే గోడ జోలికి వెళ్ళక్కర్లేదు, ముందు వేరేచోట వెతకాలి. ఇక అల్షియన్ బ్లూ రంగు వెయ్యండి. బయటి పొర ఉంటే హెటిరోసిస్టు చుట్టూ నీలి వలయం కడుతుంది. హెప్-ఎ అనే జన్యువు చెడిపోయినవాటిలో ఆ పొర సరిగ్గా కుదురుకోదు. ఆ జన్యువు ఇచ్చే ప్రొటీన్, సరుకుని కణత్వచం దాటించే రవాణా ప్రొటీన్ల జాతిది.

లోపలి పొర దగ్గరే చాలామంది తడబడతారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఆ పొర లేదు అనగానే, గ్లైకోలిపిడ్ తయారుచేసే జన్యువు పోయింది అని రాసేస్తారు. తొందరపడకండి. కణాల్లోంచి కొవ్వు పదార్థాలు తీసి, వాటిని మచ్చలుగా విడదీసే థిన్ లేయర్ ప్లేటు మీద నడిపించండి. గ్లైకోలిపిడ్ మచ్చ లేకపోతే తయారీలోనే లోపం, హెచ్‌జీఎల్-ఇ అనే జన్యువు చెడిపోతే ఇలాగే ఉంటుంది. మచ్చ ఉండీ పొర లేకపోతే సరుకు తయారై లోపలే ఉండిపోయిందన్నమాట. డెవ్-బి, డెవ్-సి, డెవ్-ఎ అనే ప్రొటీన్లు మూడూ కలిసి ఆ సరుకుని బయటికి పంపుతాయి. డెవ్-ఎ, కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి శక్తినిస్తుంది, కణం బయటి త్వచం దాటించడానికి టోల్-సి రకం గొట్టం లాంటి ప్రొటీన్ కూడా కావాలి. లేకపోవడం వేరు, చేరకపోవడం వేరు. నన్నడిగితే ఈ ఒక్క ప్లేటు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలు పది చూసినా చెప్పలేని మాట చెబుతుంది.

మూడో రకం జన్యువులూ ఉన్నాయి, అజమాయిషీ చేసేవి. హెప్-కె ఒక సెన్సర్. ఫాస్ఫేట్‌ని డెవ్-ఆర్ అనే ప్రొటీన్‌కి అందించి, బయటి పొర పనికి ఆదేశమిస్తుంది. హెప్-కె పోతే హెప్-ఎ కూడా మేలుకోదు, అంటే దాని ఆర్‌ఎన్‌ఏ తయారవదు. అసలు హెటిరోసిస్టే రాకపోతే మాత్రం గోడ ప్రశ్నే లేదు, హెటిరోసిస్టుని పుట్టించే హెట్-ఆర్ జన్యువు సంగతి చూడండి.

అభ్యాసం: మ్యూటెంట్ ‘క’ గాలిలో పెరగదు, ఆక్సిజన్ లేనప్పుడు ఎథిలీన్ ఇస్తుంది, నీలి వలయం లేదు, గ్లైకోలిపిడ్ మచ్చ ఉంది. హెప్-ఎ డీఎన్‌ఏ చెక్కుచెదరలేదు, కానీ దాని ఆర్‌ఎన్‌ఏ కనబడలేదు. లోపం ఎక్కడ? జవాబుతో పాటు, మీ అనుమానం నిజమని రుజువు చెయ్యడానికి ఏ జన్యువుని తిరిగి చేర్చి చూస్తారో కూడా రాసుకోండి. ఆరో పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.