గేమింగ్ టేబుల్ పాఠాలు – 3: ఆ 144 హెర్ట్జ్ నిజంగా వస్తోందా?

మానిటర్ ప్యానెళ్ల సంగతి పోయిన పాఠంలో చూశాం. ఈపాటికి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో నాలుగు షాపులు తిరిగి, బేరమాడి 144 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకు 144 సార్లు కొత్త బొమ్మ చూపగలిగేది, తెచ్చేసుకుని ఉంటారు. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుని నెలల తరబడి 60 హెర్ట్జ్‌లోనే ఆడేస్తుంటారు.

ముందు కేబుల్. సీపీయూ వెనక వీడియో పోర్టులు రెండు చోట్ల ఉంటాయి. పైన యూఎస్‌బీల దగ్గరున్నవి మదర్‌బోర్డువి. కింద విడిగా అడ్డంగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. కేబుల్ కిందే పెట్టాలి. పైన పెట్టినా చాలా ప్రాసెసర్లతో బొమ్మ వస్తుంది, అదే చిక్కు. వేలు పోసి కొన్న కార్డు పక్కనుండగా గేమ్ ఈడుస్తూ నడుస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అదే వాడండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టయితే ఫుల్ హెచ్‌డీలో సాధారణంగా 120 దగ్గరే ఆగిపోతుంది.

ఇక విండోస్ 11. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి, అక్కడ్నుంచి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లండి. కొత్త మానిటర్ తగిలిస్తే అక్కడ రిఫ్రెష్ రేట్ తరచూ 60 అనే ఉంటుంది. 144 చేయండి. 60లో కొత్త బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి వస్తే, ఇప్పుడు 6.9కే వస్తుంది. మౌస్ బాణాన్ని గుండ్రంగా గిరగిరా తిప్పితే తేడా కంటికే తెలుస్తుంది.

అసలు ఓపిక పెట్టాల్సింది ఓవర్‌డ్రైవ్ దగ్గర. ఇది మానిటర్ బటన్ల మెనూలో ఉంటుంది, పేరు కంపెనీని బట్టి మారుతుంది. పిక్సెల్ రంగు త్వరగా మారేలా తోస్తుందన్నమాట. ఒక తెలుగు వార్తల పేజీ తెరిచి వేగంగా స్క్రోల్ చేస్తూ ఒత్తుల మీదే చూపు నిలపండి. ఒత్తులు అలుక్కుపోతే ఒక మెట్టు పెంచండి. నల్లక్షరం వెనకాల తెల్లటి నీడ తోకలా వస్తే మితిమీరినట్టే, ఒక మెట్టు దించండి. డబ్బా మీద '1 మిల్లీసెకను' అని గొప్పగా వేసేది చాలాసార్లు ఆ ఆఖరి మెట్టు లెక్కే. నా మాట వింటే దాని జోలికి పోకండి, మధ్య మెట్టు చాలు.

మానిటర్ తన వేగాన్ని గేమ్ వేగానికి సరిపెట్టుకునే ఫ్రీసింక్‌ను ఆన్ చేసి, గేమ్‌లో ఫ్రేములను (గేమ్ తయారుచేసే బొమ్మలను) సెకనుకు 140 లోపు ఆపండి. బొమ్మ మధ్యలో చీలినట్టు కనబడడం పోతుంది.

వచ్చే పాఠం మౌస్, డీపీఐ. ఈలోగా మీరు ఆడే ప్రతి గేమ్‌లో వీడియో సెట్టింగ్స్ తెరిచి చూడండి. ఫుల్‌స్క్రీన్‌లో కొన్ని గేములు విండోస్ మాట వినవు, అక్కడ మళ్లీ 60 పెట్టుకుని ఉంటాయి.