కోసిన గడ్డితో పోయిన సారం చేనికి తిరిగి చేరాలంటే

చిత్తూరు, తిరుపతి జిల్లాల ఎర్ర గరప నేలల్లో సేంద్రియ పద్ధతిలో పాడి నడిపే రైతులు దిబ్బ ఎరువు బాగానే తోలుతారు. అయినా కొన్నేళ్లకు పశువుల మేతకు పెంచే నేపియర్ గడ్డి దుబ్బులు పలచబడుతుంటాయి. పేడ మాత్రమే చేనికి చేరి, పంచితం మురుగులో కలిసిపోవడమే చాలా చోట్ల ఇందుకు కారణమని నా అభిప్రాయం. ఆవు విసర్జించే భాస్వరం దాదాపు అంతా పేడలోనే ఉంటుంది గానీ, పొటాష్‌లో ఎక్కువ భాగమూ, నత్రజనిలో సుమారు సగమూ పంచితంతోనే పోతాయి. సేంద్రియ సాగులో యూరియా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వాడరాదు కనుక పోయినదాన్ని కొని పూడ్చుకోవడం కష్టం.

ముందు మట్టి పరీక్ష చేయించాలి. గట్లకూ, చెట్ల నీడకూ, పాత దిబ్బ తావుకూ దూరంగా ఎనిమిది, పది చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, దాని గోడను పైనుంచి కిందిదాకా ఒకే మందాన చెక్కి, ఆ మట్టినంతా కలిపి నీడలో ఆరబెట్టి అరకిలో పంపితే చాలు. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువ అని వస్తే తక్కిన అంకెల కంటే ముందు దాని సంగతే చూడాలి.

ఫలితం వచ్చేలోగా ఆకును గమనించవచ్చు. నేపియర్ అడుగు ఆకు కొస నుంచి నడి ఈనె వెంట పసుపెక్కితే నత్రజని లోపమనీ, ఈనె పచ్చగానే ఉండి అంచులు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగితే పొటాష్ లోపమనీ అనుమానించాలి. నీటి ఎద్దడిలోనూ అంచులు ఎండుతాయి కాబట్టి తడి సరిగా అందుతున్న చోటే ఇలా చూడాలి.

కొట్టం నేలను కాలువ వైపు వాలుగా కట్టి, పంచితాన్ని మూత ఉన్న తొట్టిలోకి మళ్లించాలి. అంత ఖర్చు పెట్టలేనివారు పశువుల కింద చెనక్కాయ పొట్టో, మామిడి తోటలో రాలిన ఎండుటాకో పరిచి, తడిసినదాన్ని రోజూ దిబ్బకు చేర్చాలి. దిబ్బ దగ్గర ముక్కు మండే ఘాటు వస్తోందంటే నత్రజని గాలిలో కలిసిపోతున్నట్టే, అప్పుడు మరికొంత పొట్టు కలపాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు పొటాష్ కరిగి కారిపోకుండా దిబ్బపై కప్పు వేయడం తప్పనిసరి.

నేపియర్‌ను తొలిసారి 70–75 రోజులకు, ఆ తర్వాత 40–45 రోజులకు ఒకసారి కోస్తారు. కోత కాగానే, కొత్త చిగురు రాకముందే, పంచితాన్ని పారుదల నీటిలో కలిపి వదలాలి. మూడు సాళ్ల నేపియర్‌కు ఒక సాలు చొప్పున, గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టే దశరథ గడ్డి గానీ అలసంద గానీ వేయాలి. పూత దశలో అలసంద మొక్కను వేళ్లతో సహా పెళ్లగించి వేరు బుడిపెను కోసి చూస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. తెల్లగా ఉంటే వచ్చే విత్తుకు, బుడిపెల్లో నత్రజనిని పట్టే బ్యాక్టీరియా అయిన రైజోబియం పట్టించాలి.