అర్ధరాత్రి డెడ్‌లైన్ పోయాక డెస్క్‌ను నడపడం

పేపర్ డెస్క్ (వార్తలు దిద్దే విభాగం) వెబ్‌కు మారేటప్పుడు ముందుగా పోయేది వడపోత. అచ్చులో విలేకరి రాసినదాన్ని సబ్ ఎడిటర్ దిద్దుతారు, ఎడిషన్ ఇన్‌ఛార్జి పేజీ ప్రింటవుట్‌లో మళ్లీ చూస్తారు. వెబ్‌లో అదే వార్త వాట్సాప్‌లో దిగిన కాసేపటికే సైట్‌లో ఉంటుంది. చూసింది ఒక్కరే. ఆ పోయిన చూపులను కొత్త పనిలో ఎక్కడ పెట్టాలన్నదే మీరు తేల్చాల్సింది.

మొదట ఓ వారం పాటు డెస్క్ ఆపిన ప్రతి వార్తకూ కారణం ఒక్క ముక్కలో రాయించండి: ‘అవతలి పక్షం వివరణ లేదు’, ‘ఎఫ్‌ఐఆర్ చూడలేదు’. మీ సంస్థ విలువలేమిటో గోడ మీది బోర్డు కన్నా ఈ కాగితమే సరిగా చెబుతుంది. పదేపదే వచ్చిన కారణాలను సీఎంఎస్‌లో (వార్తలను సైట్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) పెట్టించి, వాటికి టిక్ పడితే తప్ప పబ్లిష్ బటన్ పనిచేయకుండా చూడండి. నాలుగైదు చాలు. ఎక్కువైతే చదవకుండానే టిక్ కొట్టేస్తారు.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల వార్తలను తప్పనిసరిగా రెండో మనిషి చూడాలి. చట్టంలోని 23వ సెక్షన్ బాధిత చిన్నారి పేరు, ఫొటోలతో పాటు చిరునామా, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు వివరాలను కూడా బయటపెట్టొద్దంటుంది. పేరు తీసేయడం అందరికీ గుర్తుంటుంది. ‘ఫలానా హైస్కూల్లో తొమ్మిదో తరగతి’ అన్న ముక్క మిగిలిపోతుంది. నిందితుడు మేనమామ అని రాసి అతని పేరు వేసినా ఊరికి తెలిసిపోయినట్టే.

పుష్ నోటిఫికేషన్ అనుమతి షిఫ్ట్ ఇన్‌ఛార్జికే ఇవ్వండి. వార్తను దిద్దుకోవచ్చు గానీ ఫోన్లలో మోగినదాన్ని వెనక్కి తేలేం. ప్రముఖుల మరణవార్తకు కుటుంబమో ఆసుపత్రో చెప్పాలి. ‘వేరే చానల్లో స్క్రోలింగ్ వస్తోంది’ అంటే సరిపోదు.

తప్పు దొర్లితే చడీచప్పుడు లేకుండా మార్చొద్దు. ఏం మారిందో, ఎన్నింటికి మారిందో వార్త కిందే రాయండి, రిజిస్టర్‌లోనూ ఎక్కించండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదును 15 రోజుల్లో తేల్చాలి కాబట్టి ఆ రిజిస్టర్ అప్పుడు అక్కరకొస్తుంది.

ఇదంతా ముందు ఒక్క జిల్లాలో నెల రోజులు నడపండి. బెడిసికొట్టేది ఎక్కువగా కంట్రిబ్యూటర్ల (ఊళ్ల నుంచి వార్తలు పంపే, జీతం లేని విలేకరులు) దగ్గరే. లైన్ అకౌంట్ (అచ్చయిన వార్త కొలతను బట్టి చెల్లింపు) లెక్కనో వ్యూస్ లెక్కనో డబ్బిస్తే ఎవరైనా ముందు పంపేసి తర్వాత కనుక్కుంటారు. ‘ఆ వైరల్ వీడియో మా ఊరిది కాదు, వేయకండి’ అని ఫోన్ చేసినవాళ్లకూ వార్త పంపినట్టే లెక్క కట్టండి.