పాట నుంచి మాటకు: పక్షవాతం వచ్చిన మా అత్తమ్మతో ఇంట్లో చేసిన సాధన

పోయిన బోనాల నెలలో మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమ దిక్కు రక్తనాళం పూడుకుపోయిందన్నరు. కుడి చెయ్యి, కుడి కాలు బలం తప్పినయి, మాట పడిపోయింది. మనం చెప్పేదంతా ఆమెకు తెలుస్తది. నోట్లోంచి మాత్రం "అది... అది..." తప్ప ఏదీ రాదు. నీళ్లు కావాలంటే చెంబు దిక్కు చూసి కండ్లనీళ్లు పెట్టుకునేది.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు హన్మకొండలో మా ఇంటి ముందర కుర్చీ వేసి కూర్చోబెట్టినం. వాడకట్టు ఆడవాళ్లం చప్పట్లు కొట్టుకుంట తిరుగుతుంటే ఆమె ఎడమ చెయ్యి తొడ మీద దరువేస్తున్నది. కాసేపటికి "ఉయ్యాలో" అని అందరితో పాటు పలికింది. ఆ వెనుక తంగేడు, గునుగు అని పూల పేర్లు కూడా వచ్చినయి. మూడు నెలలుగా ఒక్క మాట వినని ఇల్లు మాది. నేను ఆట నడుమనే నిలబడిపోయిన.

తర్వాత తెలిసింది, ఇది దేవుడి మహిమొక్కటే కాదు. చాలామందికి మాట్లాడే కేంద్రాలు మెదడు ఎడమ భాగంలో ఉంటయి. పాడేటప్పుడు కుడి భాగం కూడా గట్టిగ పనిచేస్తది. ఎడమ దిక్కు దెబ్బతిన్నా, రాగంతో కలిసిపోయిన మాటలు ఆ రెండో దారిలో బయటికి రావచ్చు.

ఇక్కడ నేనొక తప్పు చేసిన, మీరు చేయొద్దు. ఎంత పాడిస్తే అంత తొందరగ మాటలొస్తయనుకొని ఇరవై రోజులు పొద్దుమాపు పాటలే పాడించిన. పాట చక్కగ వచ్చింది. దూపైతే మళ్లా చెంబు దిక్కే చూపు! చిన్ననాటి నుంచి నోటికి పట్టిన పాట తనంతట తనే వస్తది గానీ, అందులోని మాట అవసరానికి ఊడి రాదని స్పీచ్ థెరపిస్టు విడమరిచి చెప్పింది. మనకు కావలసిన మాటకే రాగం కట్టాలె. 1973లో బోస్టన్ వైద్యులు ఈ పద్ధతిని లోకానికి చెప్పిన్రు, మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అంటరు. ఎదుటివాళ్ల మాట అర్థమై, బదులు పలకలేనివాళ్లకు ఇది పనికొస్తది. అర్థమే కానివాళ్లకు దారి వేరు, అందుకే ముందు థెరపిస్టుకు చూపించుకోండి.

మేం చేసింది చెప్తున్న. ఆమెకు ఎదురుగ కూర్చుంట, నా పెదవులు ఆమెకు కనపడాలె. ఆమె ఎడమ చెయ్యి పట్టుకొని బల్ల మీద ఒక్కో అక్షరానికి ఒక్కో దరువు వేయిస్త. రెండే స్వరాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. మొదట "నీళ్లు" అనే మాట రాగాన్ని నోరు మూసుకొని కూనిరాగంగ తీస్త. తర్వాత ఇద్దరం కలిసి "నీ... ళ్లు" అని పాడుతం. మూడోసారి కలిసి మొదలుపెట్టి నేను నడుమ ఆగిపోత, మిగిలింది ఆమె ముగించాలె. నాలుగోసారి నేను పాడంగనే ఆమె ఒక్కతే పాడాలె. చివరికి, "ఏం గావాలె అత్తమ్మా?" అని అడుగుత. ఈ ఆఖరి మెట్టు మరిస్తే నా ఇరవై రోజుల లెక్కే అయితది, ఎందుకంటే ప్రశ్నకు బదులు రావడమే మనకు కావలసింది. తడబడితే ఒక మెట్టు వెనక్కి పోతం, గద్దించం. రెండక్షరాల మాటలు కుదిరినంక "అన్నం పెట్టు", "కాలు గుంజుతుంది" లాంటివి అందుకున్నం. మెల్లగ రాగం తగ్గించుకుంట మామూలు మాట దిక్కు రావాలె. పూటకు పదిహేను నిమిషాలు చాలు, అలసిపోతే అంతకు ముందే ఆపుతం.

నడకకు కూడా దరువు పనిచేస్తది. ఫిజియోథెరపిస్టు సరేనన్నంకనే మొదలుపెట్టినం. నిమిషానికి ఎన్ని అడుగులేస్తదో లెక్కపెడితే 52 వచ్చింది. ఫోన్లో మెట్రోనోమ్, అంటే ఒక్క తీరుగ టిక్ టిక్‌మని దెబ్బలేసే యాప్, పెట్టి నిమిషానికి 52 దెబ్బలకే నడిపించినం. వారం రోజులు అడుగు కుదురుగ పడ్డంక 55 చేసినం. దెబ్బ ఎప్పుడు పడుతదో చెవికి ముందే తెలుస్తది, దానికి తగ్గట్టు కాలు లేస్తది. మా ఆయన ఆమెకు కుడి పక్కనే ఉండి పట్టుకుంటడు. ఒంటరిగ మాత్రం ఎన్నడూ నడిపించొద్దు.

ఇగ పాటలు వినడం సంగతి. 2008లో ఫిన్లాండ్ దేశం హెల్సింకిలో పక్షవాతం వచ్చిన 60 మందితో చేసిన అధ్యయనం అచ్చయింది. రెండు నెలలు రోజూ కనీసం గంటసేపు తమకిష్టమైన పాటలు విన్నవాళ్లకు మాటల జ్ఞాపకం, ధ్యాస, చదివి వినిపించే పుస్తకాలు విన్నవాళ్లకన్నా, ఏమీ విననివాళ్లకన్నా బాగ కోలుకున్నయి. ఇష్టమైనవి అన్న మాట ముఖ్యం. నేను మొదట నాకు నచ్చిన వీణ కచేరీలు పెట్టిన, ఆమె మొఖం తిప్పుకున్నది. జనగామ దిక్కు చుక్క సత్తయ్య ఒగ్గు కథ పెడితే డోలు మొదలవ్వంగనే కండ్లు మెరిసినయి. టీవీ బంద్ చేసి ఒక్క పాటే వినిపించండి, రెండు చప్పుళ్లు కలిస్తే అలసిపోతరు. శబ్దం వారానికి 40 గంటలు వినేటట్లయితే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మేం ఇయర్‌ఫోన్లు పెట్టం, పక్కగదిలోకి వినపడకుండ చూసుకుంటం.

బీపీ గోళీలు, ఫిజియోథెరపీ దేన్నీ పాట కోసం ఆపలేదు. ఎవరికన్నా మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా పాట కాదు, 108. రక్తనాళంల పూడుకున్న రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తరు.

మొన్న పొద్దుగాల నేను వంటింట్ల ఉంటే అత్తమ్మ గదిలోంచి బల్ల మీద దరువు వినపడ్డది, ఒకటి, రెండు. తర్వాత, "బిడ్డా... చాయ్."