బ్యారన్ల సీజన్‌కి కట్టెలు చీల్చే మెషిన్లు తెప్పిస్తున్నారా? ఆర్డర్ పెట్టేముందు ఇవి చూసుకోండి

జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వైపు సంక్రాంతి అటూ ఇటూగా పొగాకు రెలుపులు (ఆకు కోతలు) ఊపందుకుంటాయి, బ్యారన్లు, అంటే పొయ్యి వేడితో ఆకు ఆరబెట్టే గదులు, వెలుగుతాయి. ఒకసారి ఆకు ఎక్కించాక అది పసుపు తిరిగి, రంగు నిలిచి, ఈనె ఆరేదాకా ఇంచుమించు వారం పాటు పొయ్యి ఆగకూడదు. కేజీ ఆరిన ఆకు చేతికి రావాలంటే సుమారు నాలుగైదు కేజీల కట్టె పోతుంది. అంత కట్టె గొడ్డలితో చీల్చాలంటే మనుషులు దొరకాలి, దొరికినా కూలి గిట్టాలి. కాబట్టి స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు, పంపుసెట్లు అమ్మే షాపుకొచ్చి రైతు "కట్టెలు చీల్చే మెషిన్ తెప్పిస్తారా?" అని అడగడంలో వింత లేదు. పెళ్ళిళ్ళ వంటవాళ్ళు, కట్టెల అడితి వాళ్ళు కూడా అడుగుతారు.

ఈ లైను పెట్టాలనుకుంటే దసరా లోపే తేల్చుకోండి. మిగతా సామానులాగా మార్జిన్ చూసి ఎంచుకునే సరుకు కాదిది. స్ప్రేయర్ మొరాయిస్తే రైతు నాలుగు మాటలని ఊరుకుంటాడు. ఇది తేడా చేస్తే వేళ్ళు పోతాయి, ఆ రైతు ఊళ్ళో మన షాపు పేరు కూడా పోతుంది.

ముందుగా కోను మెషిన్ల సంగతి. మోటారుకి బిగించిన, మరలు తిరిగిన మొనలాంటి ఇనుప ముక్క గిర్రున తిరుగుతుంటుంది, దుంగను చేత్తో తెచ్చి దానికి ఆనించాలి. వీడియోల్లో చూస్తే క్షణంలో చీలిపోతుంది. ధర కూడా తక్కువ, అమ్మడం సులువు. నా మాట వింటే అసలు పెట్టకండి. దుంగ చీలకుండా మొనకు పట్టేసిందంటే దుంగే తిరగడం మొదలెడుతుంది, పట్టుకున్న చేతిని లాగేస్తుంది. తలపాగా కొసో, గ్లవుజో, చీర చెంగో తగిలినా అంతే. స్విచ్ ఆపినా వెంటనే ఆగదు. కావాలనే రైతుకి వద్దని చెప్పడం కష్టమే, అయినా అది వదులుకోవాల్సిన అమ్మకం.

ఇక హైడ్రాలిక్ మెషిన్లు, అంటే ఆయిల్ ఒత్తిడితో దుంగను చీల్చేవి. వీటి మీద పెద్ద అక్షరాలతో 15 టన్నులు, 20 టన్నులు అని స్టిక్కరు ఉంటుంది. కంపెనీ మనిషిని రెండే అడగండి: సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) ఎంత, ప్రెషర్ ఎన్ని బార్లు? మిగతాది మీ ఫోన్లో క్యాలిక్యులేటర్ చెబుతుంది. బోరు 10 సెంటీమీటర్లు అనుకోండి. సగం అయిదు. 5 × 5 × 3.14, అంటే 78.5 చదరపు సెంటీమీటర్లు. 160 బార్లంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 163 కేజీల ఒత్తిడి. రెండూ గుణిస్తే పన్నెండున్నర, పదమూడు టన్నుల మధ్య వస్తుంది. దానిమీద 20 టన్నులని స్టిక్కరు ఉంటే ఆ స్టిక్కరు అబద్ధం. అదే సిలిండర్‌తో 20 రావాలంటే ప్రెషర్ దాదాపు 250 బార్లు ఉండాలి. "ఉంది సార్" అంటే, పంపు, గొట్టాలు, వెల్డింగు అంత ప్రెషర్‌కి చేసినవేనా అని కాగితం మీద రాయించుకోండి.

హార్స్‌పవర్ దగ్గరా ఇదే ఆట. అదే సిలిండర్ 50 సెంటీమీటర్లు ముందుకు రావాలంటే దాదాపు 4 లీటర్ల ఆయిల్ కావాలి. నిమిషానికి 20 లీటర్లు తోసే పంపైతే 12 సెకన్లు పడుతుంది. కానీ 160 బార్ల మీద నిమిషానికి 20 లీటర్లు తోయాలంటే 7 హెచ్‌పీ పైనే కావాలి, నష్టాలు కలిపితే ఎనిమిది దాటుతుంది. సింగిల్ ఫేజు 3 హెచ్‌పీ మోటారు పెట్టి "పూర్తి లోడు మీద కూడా 12 సెకన్లే" అంటే నమ్మొద్దు, అర నిమిషం పడుతుంది. రెండు స్టేజీల పంపు ఉంటే వేరు: ఖాళీగా వచ్చేటప్పుడు జోరుగా వస్తుంది, దుంగ గట్టిగా తగిలాక నెమ్మదించి బలం పెంచుతుంది. ధర కాస్త ఎక్కువైనా ఆ పంపున్న మోడలే తీసుకోండి. బ్యారన్ దగ్గర వోల్టేజి సంగతి రైతునే అడగండి. సాయంత్రం లైట్లు మసకబారే చోటికి మోటారు మోడల్ కన్నా ఇంజిన్‌దో, ట్రాక్టర్ హైడ్రాలిక్ లైనుకి తగిలించేదో ఇవ్వడం మేలు.

అన్నిటికన్నా ఎక్కువ సేపు చూడాల్సింది లివర్లను. యూరప్‌లో అమ్మే ఇలాంటి మెషిన్లకు మామూలుగా రెండు చేతుల కంట్రోలు ఉంటుంది. రెండు చేతులూ రెండు లివర్ల మీద ఉంటేనే వెడ్జి (దుంగను చీల్చే ఇనుప చీల) ముందుకు కదలాలి. ఏ ఒక్క చెయ్యి తీసినా ఆగాలి. షాపు ముందు నడిపించి ఒక్కో చెయ్యీ వదిలి చూడండి. "ఆగడానికి ఒక్క సెకను టైమిస్తుంది సార్" అనే మోడల్‌ని వెనక్కి పంపండి. ఒకే లివర్ ఉండి, నొక్కి వదిలేస్తే దానంతటదే ముందుకు పోయే రకమైతే ఇంకా ప్రమాదం. వెనక్కి వచ్చేటప్పుడు దానంతటదే వస్తే ఫర్వాలేదు, ముందుకు మాత్రం చెయ్యి పట్టుకుని ఉన్నంతసేపే పోవాలి.

ఇంత ఉన్నా మనవాళ్ళు ఒక లివర్‌ని తాడుతో కట్టేసి రెండో చేత్తో దుంగ సర్దుతారు. కట్టడానికి వీలు లేకుండా లివర్ చుట్టూ గార్డు ఉందా అన్నదీ చూడండి. ఇంకో అలవాటు ఇంతకన్నా చెడ్డది, ఇద్దరు కలిసి పని చేయడం. ఒకడు దుంగ పట్టుకుంటాడు, కొడుకో బావమరిదో లివర్ దగ్గర నిలబడతాడు. దుంగ కాస్త ఒరిగిందని మొదటివాడు చివరి క్షణంలో వేళ్ళు పెట్టి సర్దబోతాడు. రెండోవాడు అప్పటికే లాగేసి ఉంటాడు. దుంగ పెట్టినవాడే లివర్ లాగాలి, పక్కనున్నవాళ్ళు చీలికలు ఏరుకోవాలంతే. డెలివరీ ఇచ్చే రోజు మీ కుర్రాడు ఈ మాట ఒక్కటి గట్టిగా చెప్పి వచ్చినా చాలు.

డెమోకి కంపెనీవాళ్ళు తెచ్చే కట్టె మీద నమ్మకం పెట్టుకోకండి. పచ్చి సుబాబుల్, పచ్చి సరుగుడు ముద్దుగా చీలిపోతాయి. మీ దగ్గర ముడులున్న తుమ్మ మొద్దు ఒకటి, బాగా ఎండిన జామాయిల్ దుంగ ఒకటి ఉంచుకోండి. జామాయిల్ పచ్చిగా ఉన్నప్పుడు చీలినంత సులువుగా ఎండాక చీలదు, నార మెలితిరిగి ఉంటుంది. ఆ దుంగలో వెడ్జి ఇరుక్కున్నప్పుడు మెషిన్ ఏం చేస్తుందో చూడాలి. ప్రెషర్ హద్దు దాటకుండా ఆయిల్‌ని వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుని మోటారు మోత మారాలి, దుంగను మోసే బీము వంగకూడదు. వెడ్జి వెనక్కి పోయేటప్పుడు దుంగ దాంతోపాటు పోకుండా ఆపే పలకలు అటూ ఇటూ ఉండాలి. అవి లేకపోతే రైతు దుంగను కాలితో తన్ని విడదీస్తాడు.

రిలీఫ్ వాల్వుకి సీలు ఉందో లేదో చూసుకోండి. "కొంచెం బిగిస్తే బలం పెరుగుద్ది" అనే మెకానిక్ ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. సీలు తెగితే వారంటీ లేదని బిల్లు మీదే రాయండి. గొట్టంలో సన్నని చిల్లు పడి ఆయిల్ చిమ్ముతుంటే వేలితో తడిమి వెతకకూడదన్నది కూడా చాలామందికి తెలియదు. ఆ ప్రెషర్‌కి ఆయిల్ చర్మంలోంచి లోపలికి దూరుతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. ఇంటి వైద్యం చేసుకోకుండా వెంటనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి, ఏం జరిగిందో డాక్టరుకి చెప్పాలి. లీకు వెతకాలంటే మెషిన్ ఆపి, ప్రెషర్ దించి చూడాలి. మరీ కాదంటే దూరం నుంచి అట్టముక్క పెట్టి చూడాలి.

స్పేర్ల విషయం కంపెనీ ఏజెంట్ నోటితో కాదు, కంటితో తేల్చుకోండి. సిలిండర్ సీల్ కిట్ నంబరు తీసుకుని రాజమండ్రిలోనో ఏలూరులోనో హైడ్రాలిక్ స్పేర్ల షాపులో అడిగించండి. అక్కడ దొరికే సైజైతే తీసుకోండి. గొట్టాల చివర మరలు ఏ రకమో కూడా కనుక్కోండి. జనవరి నెలలో అర్ధరాత్రి గొట్టం పగిలితే రైతు ఫోన్ చేసేది కంపెనీకి కాదు, మీకే. అందుకని రెండు మూడు బ్రాండ్లు తలా ఒకటి పెట్టేకన్నా ఒకే లైనులో రెండు సైజులు పెట్టి, వాటికి సీల్ కిట్లు, గొట్టాలు, ఒక వాల్వు చేతిలో ఉంచుకోవడం నయం. ఆయిల్ మాత్రం మన ఎండలకి 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్‌ని కంపెనీ ఒప్పుకుంటుందా అని అడిగి, డబ్బా మెషిన్‌తోపాటే అమ్మండి. లేకపోతే ట్రాక్టర్‌లో మిగిలిన పాత ఇంజిన్ ఆయిల్ పోస్తారు.

కొనేవాళ్ళకి చెప్పాల్సినవి ఎన్నో ఉన్నా, నేనైతే ముందు రాత్రి పని గురించి చెబుతాను. పొయ్యి ఆగకూడదన్న టెన్షన్‌లో, రెండు రాత్రులు నిద్ర లేని మనిషి తెల్లవారుజామున కట్టె అయిపోయిందని మెషిన్ ఆన్ చేస్తాడు. వెలుతురు కూడా సరిగా ఉండదు. ఆకు ఎక్కించేముందే ఆ విడతకి సరిపడా చీల్చి పేర్చుకుంటే ఈ అవసరమే రాదు. దుంగ రెండు చివర్లూ నేరుగా కోసి ఉండాలి, ఏటవాలుగా ఉంటే ఎగిరి తగులుతుంది. నారకి అడ్డంగా వెడ్జి పడేలా దుంగను పెట్టి చీల్చకూడదు. హవాయి చెప్పులు వద్దు, బూట్లు వేసుకోవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. బూట్లు, కళ్ళద్దాలు మెషిన్ ధరలో కలిపి ఇచ్చేయండి, విడిగా పెడితే ఎవరూ కొనరు.

చివరగా డబ్బు మాట. మొదటి సీజన్‌కి అయిదారు మెషిన్లకు మించి దించకండి, ఏజెంట్ ఎంత డిస్కౌంట్ చూపినా సరే. ఏప్రిల్ దాటాక మిగిలినవి వెనక్కి తీసుకుంటామని, కనీసం వేరే డీలరుకి మారుస్తామని ముందే ఒప్పందంలో రాయించండి. డెమో మెషిన్‌ని మాత్రం అమ్మేయకుండా ఉంచుకోండి, ఎవరిదైనా రిపేరుకొచ్చిన రోజున బదులుగా ఇవ్వడానికి పనికొస్తుంది.